పదహారు వేల మంది ఉన్న ఊరికి ఇంత పెద్ద ఐస్ హాకీ జట్టు ఎలా వచ్చింది? స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్ గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. ఈ మధ్యే ఉద్యోగం మీద కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రం, స్విఫ్ట్ కరెంట్‌కి వచ్చారు. ఊరు చూస్తే మన దగ్గర ఒక మోస్తరు మండల కేంద్రమంత. కానీ ఎక్కడ చూసినా బ్రాంకోస్ జెండాలే. ఈ జట్టు ఒకప్పుడు ఊరు వదిలి వెళ్లిపోయిందని ఒకరు, బస్సు ప్రమాదమని ఒకరు, నాలుగు రేకుల ఆకు గుర్తు గురించి ఇంకొకరు చెప్పారు. పాత కోచ్ మాటెత్తగానే మీ ఆఫీసులో అందరూ టాపిక్ మార్చేశారు. అసలు కథేంటి, ఇంత చిన్న ఊరు కాల్గరీ లాంటి నగరాలతో ఒకే లీగ్‌లో ఎలా ఆడుతోంది, తొమ్మిదేళ్ల మీ అబ్బాయిని ఈ దారిలో పెట్టొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ జట్టు నిలబడడానికి కారణం దీనికి యజమాని లేకపోవడం. ఊరే యజమాని. 1974లో జట్టు వెళ్లిపోయింది, 1986లో ఊరి జనం డబ్బు పోగేసి వెనక్కి తెచ్చుకున్నారు. తెచ్చుకున్న మొదటి సీజన్‌లోనే బస్సు ప్రమాదంలో నలుగురు కుర్రాళ్లు చనిపోయారు. రెండేళ్ల తర్వాత అదే జట్టు కెనడా జూనియర్ హాకీలో అన్నిటికన్నా పెద్ద కప్పు గెలిచింది. ఆ కప్పు గెలిపించిన కోచ్ ఆటగాళ్లను లైంగికంగా హింసిస్తూ వచ్చాడని తర్వాత కోర్టులో తేలింది. టాపిక్ మార్చేది అందుకే. మీ అబ్బాయి సంగతి చివర్లో చెప్తాను.

నేను ఈ ఊళ్లో స్థిరపడి చాలా ఏళ్లయింది. మ్యాచ్ రోజుల్లో వాలంటీర్‌గా 50-50 లాటరీ టికెట్లు అమ్ముతాను. కొన్నాళ్లు బయటి ఊళ్ల నుంచి వచ్చిన జట్టు కుర్రాళ్లను మా ఇంట్లో పెట్టుకున్నాం కూడా. కాబట్టి పుస్తకాల్లో ఉన్నది కొంత, రింక్ (ఐస్ మీద ఆడే స్టేడియం) కారిడార్లలో విన్నది కొంత కలిపి రాస్తున్నాను.

ముందు ఆ లీగ్ సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. కెనడాలో జూనియర్ హాకీకి పై మెట్టు 'మేజర్ జూనియర్'. 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు ఆడతారు. దేశం మొత్తానికి ఇలాంటి లీగ్‌లు మూడు. పడమటి వైపుది వెస్టర్న్ హాకీ లీగ్, అంటే డబ్ల్యూహెచ్‌ఎల్. మూడు లీగ్‌ల విజేతలూ, ఆ ఏడాది ఆతిథ్యమిచ్చే ఊరి జట్టూ కలిసి మెమోరియల్ కప్ కోసం ఆడతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారి గుర్తుగా 1919లో పెట్టిన కప్పు అది. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే కెనడా, అమెరికా జట్ల పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌లో, మీరు టీవీలో చూసే పెద్ద ఆటగాళ్లలో చాలామంది ఈ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో 20కి పైగా జట్లున్నాయి. కాల్గరీ, ఎడ్మంటన్, వాంకూవర్ లాంటి నగరాలతో పాటు అమెరికాలోని సియాటిల్, పోర్ట్‌లాండ్ జట్లూ ఇందులోనే. వీటన్నిటిలోకీ చిన్న ఊరు మనదే. 2021 జనగణనలో జనాభా 17 వేలు కూడా దాటలేదు. రింక్‌లో పట్టేదే సుమారు మూడు వేల మంది. అంటే రింక్ నిండిన రోజు ఊళ్లో దాదాపు ఆరుగురిలో ఒకరు అక్కడున్నట్టు లెక్క.

బ్రాంకోస్ ఈ లీగ్‌లోకి వచ్చింది 1967లో. లీగ్ పుట్టిన మరుసటేడే. మొదటి ఏడేళ్లలోనే ఇక్కడ ఇద్దరు గట్టి ఆటగాళ్లు తయారయ్యారు. ఒకరు బ్రయాన్ ట్రాటియే, ఇక్కడికి దక్షిణాన సరిహద్దు వైపున్న వాల్ మేరీ అనే పల్లెలో రాంచ్ పిల్లాడు. తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆరు స్టాన్లీ కప్పులు (ఆ లీగ్ విజేతకిచ్చే కప్పు) గెలిచాడు. రెండోవాడు డేవ్ విలియమ్స్, అందరూ టైగర్ అంటారు. ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో తప్పు ఆట ఆడినవాళ్లను శిక్షగా కూర్చోబెట్టే పెనాల్టీ బాక్స్‌లో అందరికన్నా ఎక్కువ నిమిషాలు కూర్చున్న ఘనత ఈయనది. ఊళ్లో పెద్దవాళ్లను కదిపితే ట్రాటియే గురించి గౌరవంగా, టైగర్ గురించి నవ్వుతూ చెప్తారు.

ఆటగాళ్లుంటే సరిపోదు కదా. బస్సు ఖర్చు, హోటళ్లు, సామాను అన్నిటికీ గేటు రాబడే దిక్కు. ఇంత చిన్న ఊళ్లో అది చాల్లేదు. 1974లో జట్టు ఆల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్‌కి వెళ్లిపోయింది. పేరు మాత్రం బ్రాంకోసే, లెత్‌బ్రిడ్జ్ బ్రాంకోస్. అక్కడ బాగానే ఆడింది కూడా. ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్లిన సటర్ అన్నదమ్ములు ఆరుగురూ లెత్‌బ్రిడ్జ్ మీదుగా వెళ్లినవాళ్లే. 1983లో లీగ్ టైటిల్ కూడా గెలిచారు. ఆ పన్నెండేళ్లూ స్విఫ్ట్ కరెంట్‌లో కింది మెట్టు లీగ్ జట్టు ఆడింది. జనం వెళ్లారు, చూశారు. కానీ తమ జట్టు పక్క రాష్ట్రంలో పేరు తెచ్చుకుంటుంటే ఇక్కడివాళ్లకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఓడలు బళ్లవుతాయంటారే, 1986లో అదే జరిగింది. లెత్‌బ్రిడ్జ్‌లో జట్టు అమ్మకానికి వచ్చింది. ఇక్కడ కొందరు ముందుకొచ్చి, ఊళ్లో డబ్బు పోగేసి కొని తెచ్చుకున్నారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు ముఖ్యమనిపించే ఘట్టం ఇదే. ప్రమాదం గురించీ కప్పు గురించీ అందరూ మాట్లాడతారు. కానీ ఆ కొనుగోలు ఇలా జరగకపోయుంటే మిగతా కథ లేదు. ఒక్క ధనవంతుడు కొని ఉంటే, గిట్టుబాటు కాని ఏడాది వేరే నగరానికి అమ్మేసేవాడు. ఇప్పుడు అమ్మాలంటే ఊరంతా ఒప్పుకోవాలి.

ఈ పద్ధతి ఎలా నడుస్తుందంటే, జట్టును నడిపేది ఒక బోర్డు. అందులో ఉండేది ఊరి మనుషులే. ఏటా సమావేశం పెట్టి లెక్కలు చెప్తారు. లాభం వస్తే ఎవరి జేబులోకీ పోదు, నష్టం వస్తే మాత్రం అందరికీ టెన్షన్. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఇలా ఊరి చేతిలో ఉన్న జట్లు నాలుగే: మనది, మూస్ జా, ప్రిన్స్ ఆల్బర్ట్, ఇంకా లెత్‌బ్రిడ్జ్. అవును, అదే లెత్‌బ్రిడ్జ్. బ్రాంకోస్ పోయిన మరుసటేడే వాళ్లు వేరే జట్టు తెచ్చుకున్నారు, హరికేన్స్ అని. ఈ పద్ధతి బలహీనమైనదని అనుకోకండి. 2018లో మనం, 2019లో ప్రిన్స్ ఆల్బర్ట్, 2024లో మూస్ జా లీగ్ టైటిల్ గెలిచాయి.

నేను 50-50 టికెట్లు అమ్ముతానన్నాను కదా. వసూలైన దాంట్లో సగం గెలిచినవాడికి, సగం జట్టు ఖాతాకి. మూడో పీరియడ్ మొదలయ్యేలోపు బల్ల దగ్గర క్యూ కడతారు. రైతులు, నర్సులు, బడి టీచర్లు. గెలిచే ఆశతో కొనేవాళ్లు ఉంటారు, కానీ ఒక పెద్దాయన మాత్రం ఎప్పుడూ టికెట్ తీసుకుని నంబర్ కూడా చూడకుండా జేబులో పెట్టుకుంటాడు. గెలిస్తే ఎలా తెలుస్తుందండీ అంటే, "కిందటి వారం బస్సు టైర్లకి ఇచ్చాననుకుంటా" అన్నాడు.

ఇక ప్రమాదం. 1986 డిసెంబర్ 30. జట్టు రాష్ట్ర రాజధాని రెజీనాలో మ్యాచ్ ఆడడానికి బయల్దేరింది. ట్రాన్స్-కెనడా హైవే మీద ఊరు దాటి తూర్పుకి వెళ్లిన కొద్దిసేపటికే, రోడ్డు మీద పట్టిన మంచు పొర మీద బస్సు అదుపు తప్పింది, గట్టుని ఢీకొని గాల్లోకి లేచి పక్కకి పడిపోయింది. వెనక సీట్లలో పేకాడుతూ కూర్చున్న నలుగురు చనిపోయారు. ట్రెంట్ క్రెస్, స్కాట్ క్రూగర్, క్రిస్ మాంటికా, బ్రెంట్ రఫ్. స్కాట్ ఈ ఊరి కుర్రాడే. బ్రెంట్‌కి పదహారేళ్లు. వాళ్లన్నయ్య లిండీ రఫ్ అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడుతున్నాడు. మీరడిగిన నాలుగు రేకుల ఆకు వీళ్లదే. ఒక్కో రేకులో ఒక్కొక్కరి జెర్సీ నంబర్: 8, 9, 11, 22. ఆ లీగ్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీ పేరు కూడా 'ఫోర్ బ్రాంకోస్'. ప్రమాదం జరిగిన ముప్ఫై ఏళ్లకు హైవే పక్కన స్మారకం కట్టారు. రెజీనా వెళ్లేటప్పుడు ఒకసారి ఆగి చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలామంది దీన్ని హమ్‌బోల్ట్ బ్రాంకోస్ ప్రమాదంతో కలిపేస్తారు. పేరు ఒకటే, రాష్ట్రం ఒకటే, రెండూ బస్సులే. కానీ అది 2018 ఏప్రిల్ 6న జరిగింది. హమ్‌బోల్ట్ వేరే ఊరు, వేరే లీగ్, అక్కడ పోయింది 16 మంది. ఊళ్లో ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఈ రెండిటినీ కలిపితే బాధపడతారు.

ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లలో జో సాకిక్ ఉన్నాడు. మరుసటి సీజన్‌లో 64 మ్యాచ్‌ల్లో 160 పాయింట్లు (కొట్టిన గోల్స్, వేరేవాళ్ల గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి) తెచ్చి, పోయిన తన జట్టు స్నేహితుల పేరు మీదున్న ఆ ట్రోఫీని తనే అందుకున్నాడు. తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కొలరాడోకి కెప్టెన్‌గా స్టాన్లీ కప్ ఎత్తాడు. షెల్డన్ కెనడీ, బాబ్ విల్కీ, పీటర్ సోబెర్లాక్ కూడా ఆ బస్సులో ఉన్నవాళ్లే. వాళ్లు ముగ్గురూ 1989 జట్టులోనూ ఉన్నారు.

1988-89 సీజన్ గురించి ఊళ్లో ఎవరిని అడిగినా గుక్కతిప్పుకోకుండా చెప్తారు, కాబట్టి నేను కొంచెమే రాస్తాను. 72 మ్యాచ్‌ల్లో 55 గెలిచారు. లీగ్ ప్లేఆఫ్స్‌లో ఒక్కటీ ఓడలేదు, 12కి 12. మెమోరియల్ కప్ ఆ ఏడాది సాస్కటూన్‌లో జరిగింది. ఫైనల్లో ఎదురైంది ఆతిథ్య జట్టు సాస్కటూన్ బ్లేడ్స్. ఓవర్‌టైమ్‌లో 4-3. గెలుపు గోల్ కొట్టింది టిమ్ టిస్‌డేల్, ఈ ఊరి కుర్రాడు. గోల్‌లో నిలబడింది ట్రెవర్ క్రూగర్, డిఫెన్స్‌లో డారెన్ క్రూగర్. పోయిన స్కాట్‌కి తమ్ముళ్లు. నాకు కథల్లో కన్నీళ్లు పెట్టించడం ఇష్టముండదు. కానీ ఆ అమ్మానాన్నలు ఆ సాయంత్రం ఆ స్టాండ్స్‌లో ఎలా కూర్చున్నారో ఇప్పటికీ నాకు ఊహకందదు.

చాలామంది కథ ఇక్కడ ఆపేస్తారు. ఆపకూడదు.

ప్రమాదం తర్వాత కుర్రాళ్లకు కౌన్సెలింగ్ లాంటిదేమీ అందలేదు. కొద్ది రోజులకే మళ్లీ ఐస్ మీదికి దిగారు. బయటివాళ్లెవరూ అక్కర్లేదని, జట్టు లోపలే చూసుకుందామని కోచ్ అడ్డుపడ్డాడని ఆ ఆటగాళ్లే తర్వాత చెప్పారు. ఆ కోచ్ గ్రాహం జేమ్స్. 1989లో ఒక ప్రముఖ హాకీ పత్రిక ఆ ఏటి మేటి మనిషిగా ఎంచింది అతన్నే. 1994 దాకా ఇక్కడే ఉన్నాడు, మధ్యలో 1993లో ఇంకో లీగ్ టైటిల్ కూడా గెలిపించాడు. 1997 జనవరిలో, తన ఆటగాళ్లిద్దరిపై వందలసార్లు లైంగిక దాడి చేసినట్టు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మూడున్నరేళ్ల శిక్ష పడింది. ఆ ఇద్దరిలో ఒకరు షెల్డన్ కెనడీ. అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడు, దాచుకోకుండా తన పేరుతోనే బయటికొచ్చి మాట్లాడాడు. తర్వాత మరికొందరు ముందుకొచ్చారు, 2012లో, 2015లో మళ్లీ శిక్షలు పడ్డాయి.

ఊరికి ఇది మింగుడుపడలేదు. కొందరు అప్పట్లో కెనడీనే తప్పుపట్టారని పెద్దవాళ్లు చెప్తుంటే విన్నాను. ఎవరికీ తెలియదా, తెలిసీ ఊరుకున్నారా అన్న ప్రశ్న ఇప్పటికీ భోజనాల బల్ల దగ్గర వస్తే మాట తెగిపోతుంది. నా అభిప్రాయం ఒకటే. గెలుస్తున్న కోచ్‌ని ఎవరూ ప్రశ్నించరు. అందులోనూ చిన్న ఊళ్లో, పదహారేళ్ల పిల్లాడి డ్రాఫ్ట్ (పై లీగ్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి), చదువు, మ్యాచ్‌లో ఐస్ మీద గడిపే నిమిషాలు అన్నీ ఒకే మనిషి చేతిలో ఉంటే, ఆ పిల్లాడు నోరు మెదపగలడా? ఊరి జట్టు అనే మమకారానికి ఇదో చీకటి కోణం. మనవాడు అనుకున్నాక గట్టిగా అడగడం మానేస్తాం.

కెనడీ 1998లో స్కేట్లు కట్టుకుని దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, ఇలాంటి పిల్లల కోసం డబ్బు పోగుచేశాడు. ఇప్పుడు కెనడాలో పిల్లల ఆటల కోచ్‌లు తీసుకునే 'రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్' శిక్షణ ఆయన పెట్టిన సంస్థదే. 2018లో హమ్‌బోల్ట్ ప్రమాదం జరిగిన రోజుల్లో కెనడీ, విల్కీ, సోబెర్లాక్, డారెన్ క్రూగర్ అక్కడికి వెళ్లి ఆ కుటుంబాల దగ్గర కూర్చున్నారు. 1987లో తమ దగ్గరికి ఎవరూ రాలేదు కాబట్టి.

మన జట్టు మూడో లీగ్ టైటిల్ గెలిచింది కూడా ఆ 2018 వసంతంలోనే. చిన్న ఊరి జట్టు ఎలా ఆలోచిస్తుందో తెలియాలంటే ఈ సీజన్ చూడాలి. టైటిల్ కొట్టే అవకాశం కనిపించగానే మేనేజ్‌మెంట్ సీజన్ మధ్యలో వేరే జట్లతో ఆటగాళ్ల మార్పిడి (ట్రేడ్‌లు) చేసి, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ అవకాశాలను వదులుకుని, అనుభవమున్న ఆటగాళ్లను తెచ్చింది. గోలీ, అంటే గోల్‌కీపర్, స్టువర్ట్ స్కినర్ అలా వచ్చినవాడే, అదీ లెత్‌బ్రిడ్జ్ నుంచి. ఈయనే తర్వాత ఎడ్మంటన్ ఆయిలర్స్ గోలీగా స్టాన్లీ కప్ ఫైనల్ ఆడాడు. ప్లేఆఫ్స్‌లో రెజీనాతో ఏడు మ్యాచ్‌లు, మూస్ జాతో ఏడు, ఆ లెత్‌బ్రిడ్జ్‌తోనే ఆరు, చివరికి ఎవరెట్‌తో ఆరు. మెమోరియల్ కప్‌లో మాత్రం ముందుకు పోలేదు. మరుసటేడు లీగ్‌లో అట్టడుగు. అప్పు చేసి పెళ్లి చేసిన ఇల్లు లాంటిది, ఆ తర్వాత కొన్నేళ్లు తీర్చుకోవాల్సిందే. పెద్ద నగరాల జట్లు ఏటా ఎంతోకొంత పోటీలో ఉండాలని చూస్తాయి. మనలాంటి ఊళ్లు అయిదారేళ్లు ఓపిక పట్టి ఒక్క ఏడు గట్టిగా కొడతాయి. అందుకే ఇప్పుడు జట్టు ఓడుతుంటే తిట్టుకోకండి, ఎవరెవరికి పదిహేడేళ్లో చూడండి.

ఇక మీ అబ్బాయి. తొమ్మిదేళ్లకు ఊళ్లోని పిల్లల హాకీలో నిరభ్యంతరంగా చేర్చండి. స్కేటింగ్ ముందు నేర్పించండి, సామాను సెకండ్‌హ్యాండ్‌లో కొనండి, ఆరు నెలల్లో కాళ్లు పెరిగిపోతాయి. స్నేహితులు దొరుకుతారు, చలికాలం గడుస్తుంది. అంతవరకు ఆలోచించాల్సిన పనే లేదు.

బ్రాంకోస్ దాకా వెళ్తాడా అన్నది వేరే లెక్క. డ్రాఫ్ట్ పధ్నాలుగు, పదిహేనేళ్లకే జరుగుతుంది. పడమటి కెనడా నుంచీ అమెరికా నుంచీ పిల్లల్ని ఎంచుతారు. మా ఇంట్లో ఉన్న కుర్రాళ్లను చూశాను కాబట్టి చెప్తున్నాను. సీజన్‌లో 68 మ్యాచ్‌లు, సగం బయటి ఊళ్లలో. మానిటోబాలోని బ్రాండన్ నుంచి తెల్లవారుజామున వచ్చి, గరాజ్‌లో సామాను సంచి పడేసి (ఆ వాసన గురించి మాట్లాడకూడదు), ఫ్రిజ్‌లో మా ఆవిడ పెట్టిన పప్పన్నం చల్లగానే తినేసి, పొద్దున్నే బడికి వెళ్లేవాడు ఒకడు. సొంత ఇంటికి వెళ్లేది క్రిస్మస్‌కి మాత్రమే. వాడు ఎన్‌హెచ్‌ఎల్‌కి వెళ్లలేదు. ఎక్కువమంది వెళ్లరు. కానీ ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల డబ్బు లీగ్ ఇస్తుంది. వాడు దాంతో చదువుకున్నాడు. మీరు ఒప్పందం చదివే రోజంటూ వస్తే ముందు ఈ స్కాలర్‌షిప్ షరతులు చదవండి, ఎన్నాళ్లలోపు వాడుకోవాలి, ప్రొఫెషనల్‌గా ఆడితే ఏమవుతుంది అన్నవి.

ఇంకో మార్పు కూడా తెలుసుకోండి. ఇదివరకు మేజర్ జూనియర్ ఆడితే అమెరికా యూనివర్సిటీ హాకీకి దారి మూసుకుపోయేది. 2025-26 నుంచి ఆ అడ్డు తీసేశారు. అప్పటిదాకా పదహారేళ్లకే ఏదో ఒకటి తేల్చుకోవాల్సి వచ్చేది, తల్లిదండ్రులకు నిద్ర పట్టేది కాదు.

ఏ వయసులోనైనా, ఏ జట్టులోనైనా మీరు అడగాల్సినవి మాత్రం వదలకండి. కోచ్ పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా, ఫిర్యాదు చేయాలంటే కోచ్‌ని దాటి ఎవరి దగ్గరికి వెళ్లాలి, బస చేసే ఇంటివాళ్ల పోలీసు రికార్డు చూశారా. మా ఇంటికి కుర్రాణ్ణి పంపేముందు ఇవన్నీ చూశారు, నాకు చిన్నతనం అనిపించలేదు. ఎవరైనా మొహం చిట్లిస్తే అక్కడ చేర్చొద్దు.

ముందైతే ఈ శుక్రవారం మ్యాచ్‌కి తీసుకురండి. గాజుకి ఆనుకుని ఉన్న వరసల్లో కాకుండా కాస్త పైన, బ్లూ లైన్‌కి (ఐస్ మీది నీలి గీతకి) ఎదురుగా సీట్లు తీసుకోండి, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎటు పోతుందో పిల్లాడికి అప్పుడే తెలుస్తుంది. లోపల కూడా చలే, టోపీ మర్చిపోవద్దు. 50-50 బల్ల ప్రధాన ద్వారం దాటగానే ఎడమ పక్కన ఉంటుంది, అక్కడ తెలుగులో పలకరించండి.